ఐడిల్ మోటార్ మార్చాక ఈసీఎం పోయిందంటున్నారు, నమ్మాలా?

ప్రశ్న: మాది 2004 మోడల్ లాన్సర్, 1.5 పెట్రోల్, మాన్యువల్ గేర్. లాసన్స్‌బే కాలనీలో ఉంటాం. బండి ఎప్పుడూ బయటే, సముద్రపు గాలికే ఉంటుంది. కొన్నాళ్లుగా ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ కూడా ఆగిపోతుండేది. మెకానిక్ థ్రాటిల్ బాడీలో (ఇంజన్లోకి గాలి వెళ్లే చోట) స్ప్రే కొట్టి శుభ్రం చేశాడు. రెండ్రోజులు బాగానే ఉంది, ఆ తర్వాత మరీ ఎక్కువైంది. ఐడిల్ మోటార్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ వేగాన్ని నిలబెట్టేది) పోయిందని కొత్తది వేశాడు. అది కంపెనీది కాదు, బయటి మాల్. అప్పట్నుంచి స్టార్ట్ చేయగానే 2000 ఆర్‌పీఎం దాటి రేసవుతోంది. ఒక్కోసారి 1200కీ 2000కీ మధ్య ఊగుతోంది. మరో మోటార్ తెచ్చి వేసినా అదే తంతు. స్కానర్ పెడితే ఏ కోడూ రాలేదు. ‘కొత్త మోటార్ ఈసీఎంని (ఇంజన్ కంప్యూటర్‌ని) కొట్టేసింది, సెకండ్స్‌ది వేయాలి, 18 వేలవుతుంది’ అంటున్నాడు. నిజంగా ఈసీఎం పోయిందా? ముందే తేల్చుకునే దారి ఏదైనా ఉందా? పాత మోటార్ ఇంకా డిక్కీలోనే పడి ఉంది.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఆ 18 వేలు ప్రస్తుతానికి జేబులోనే ఉంచండి. ఈసీఎం పోయి ఉండొచ్చు, పోకుండానూ ఉండొచ్చు. ఇంతవరకూ జరిగిన పనిలో ఒక్కటి కూడా దాన్ని తేల్చేది కాదు. రెండు మోటార్లు మార్చి చూడడం పరీక్ష కిందికి రాదు. తేల్చడానికి కావాల్సినవి మూడు: మల్టీమీటర్, ఒక ఎల్ఈడీ, డిక్కీలో ఉన్న ఆ పాత మోటార్. మూడింట్లో ముఖ్యమైనది ఆ పాతదే. దాన్ని పారేయకండి, ఎవరికీ ఇవ్వకండి.

ఎందుకంటే ఐడిల్ మోటార్ వల్ల ఈసీఎం దెబ్బతినడం ఉన్నమాటే, కానీ ఆ పని సాధారణంగా చేసేది పాత మోటారు. కొత్తది వచ్చేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది. కొత్తది బిగించాక బయటపడింది కాబట్టి నింద దాని మీద పడుతుంది.

మీ బండిలో ఐడిల్ మోటార్ ఆరు పిన్నుల స్టెప్పర్ రకం. కప్లర్‌లో (వైర్లు తగిలించే ప్లగ్గులో) పై వరసలో 1, 2, 3, కింది వరసలో 4, 5, 6 ఉంటాయి. నడిమి పిన్నులు, అంటే 2, 5, రెండింటికీ రిలే నుంచి 12 వోల్టులు నేరుగా వస్తాయి. పక్కనున్న నాలుగూ ఈసీఎంలోకి వెళ్తాయి. లోపల నాలుగు కాయిళ్లు. ఏ కాయిల్‌కి కరెంటు పారించాలో ఆ లైనును ఈసీఎం ఎర్త్ చేస్తుంది. నాలుగింటినీ వరసగా మారుస్తూ పోతే మోటార్ అడుగడుగునా తిరిగి, ముందున్న శంకువు ముక్కని ముందుకీ వెనక్కీ జరుపుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పక్కదారిన ఇంజన్లోకి వెళ్లే గాలి ఆ ముక్క ఎంత జరిగిందన్న దాన్ని బట్టే ఉంటుంది.

మంచి కాయిల్ ఒక్కోటి 20 డిగ్రీల దగ్గర 28 నుంచి 33 ఓములుంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులు అనుకుంటే కాయిల్‌లో పారేది అర ఆంపియర్ లోపే. ఈసీఎంలో ఆ లైనును ఎర్త్ చేసే స్విచ్చు, అంటే డ్రైవర్ ట్రాన్సిస్టర్, అంతవరకూ హాయిగా మోస్తుంది. అదే కాయిల్ లోపల చుట్లు ఒకదానికొకటి తగిలి 5 ఓములకి పడిపోయిందనుకోండి, కరెంటు దాదాపు 3 ఆంపియర్లకి వెళ్తుంది. ఆ డ్రైవర్ దానికోసం చేసింది కాదు. వేడెక్కి కాలిపోతుంది. ఆ దారిలో ఫ్యూజు ఎగిరేంత కరెంటు ఉండదు కాబట్టి బయటికి ఏమీ తెలియదు. ఇంజన్ యథాప్రకారం స్టార్ట్ అవుతుంది, పెట్రోలు కొడుతుంది, స్పార్కు ఇస్తుంది. ఐడిల్ ఒక్కటే మాట వినదు.

కాయిల్ ఎందుకు షార్ట్ అవుతుందన్నదానికి మీ ఉత్తరంలోనే ఒక ఆధారం ఉంది. ‘స్ప్రే కొట్టాడు, రెండ్రోజులు బాగుంది, తర్వాత ఎక్కువైంది’ అన్నారు. మోటార్ విప్పకుండా థ్రాటిల్ బాడీలోకి స్ప్రే కొడితే కరిగిన కార్బన్‌తో సహా ఆ ద్రవం షాఫ్టు పక్కనుంచి మోటార్లోకి దిగుతుంది. తీగల మీది వార్నిష్ పూతకి అది మంచిది కాదు. రెండో దారి కూలెంటు. థ్రాటిల్ బాడీలో వేడినీళ్ల దారి మోటార్‌కి పక్కగానే పోతుంది. ఓరింగ్ (అతుకులో ఉండే రబ్బరు వలయం) ముదిరి గట్టిపడితే నీరు కొద్దికొద్దిగా ఊరి మోటార్లోకి చేరుతుంది. పాత మోటార్ ముక్కు దగ్గరా కప్లర్ గూట్లోనూ తెల్లటి, పచ్చటి పొరలు కట్టి ఉన్నాయేమో చూడండి. మోటార్ విప్పిన గుంటలో తడి కనబడితే కొత్తది వేసినా దాని ఆయుష్షు ఎంతో చెప్పలేం, ముందు ఓరింగ్ సంగతి చూడాలి.

ఇక కొలతలు. పాత మోటార్ చేతిలో పట్టుకుని మల్టీమీటర్‌ని 200 ఓముల రేంజిలో పెట్టండి. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించండి. 0.3, 0.5 అలా ఏదో చూపిస్తుంది, అది తీగల నిరోధం, తర్వాతి అంకెల్లోంచి తీసేయాలి. ఇప్పుడు 2 నుంచి 1కీ, 2 నుంచి 3కీ, 5 నుంచి 4కీ, 5 నుంచి 6కీ కొలవండి. కప్లర్ తలకిందులుగా పట్టుకున్నారేమోనన్న బెంగ అక్కర్లేదు. ఏ వరసలోనైనా నడిమి పిన్ను నుంచి అటూ ఇటూ కొలిస్తే సరిపోతుంది. నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా రావాలి. విశాఖ ఎండలో, 35 డిగ్రీల్లో కొలిస్తే రాగి నిరోధం కాస్త పెరుగుతుంది కాబట్టి 30 నుంచి 35 వరకూ రావచ్చు. అప్పుడే ఆపిన ఇంజన్ మీద, 80 డిగ్రీల వేడిలో కొలిస్తే 40 దాకా వెళ్లినా తప్పు కాదు. పుస్తకంలో 33 అని ఉంది, నీది 39 వచ్చింది, మోటార్ పోయింది అని ఎవరైనా అంటే చల్లారాక మళ్లీ కొలవమనండి.

ఒక వరసలో ఈ చివర నుంచి ఆ చివరకి, అంటే 1 నుంచి 3కి, రెట్టింపు రావాలి. పై వరస పిన్నుకీ కింది వరస పిన్నుకీ మధ్య ఏమీ రాకూడదు. ఏ పిన్ను నుంచైనా మోటార్ లోహపు ఒంటికి కూడా ఏమీ రాకూడదు. దీనికి మీటరును పెద్ద రేంజికి మార్చి చూడండి, తడి వల్ల వచ్చే లీకు చిన్న రేంజిలో కనబడదు.

నాలుగింట్లో ఏదైనా 20 కంటే తక్కువ వస్తే ఈసీఎం మీద అనుమానం బలపడినట్టే. 10 లోపు వస్తే ఆ లైను డ్రైవర్ బతికి ఉండడం అదృష్టం. అలా కాకుండా ఒక కాయిల్ పూర్తిగా తెగి, మీటర్ ఏమీ చూపించకపోతే అది వేరే సంగతి. తెగిన కాయిల్‌లో కరెంటే పారదు, ఈసీఎంకి దానివల్ల ప్రమాదం లేదు. ఇక నాలుగూ 30 దగ్గర చక్కగా వచ్చాయంటే పాత మోటార్ వల్ల ఈసీఎం పోయిందనే మాటకి బలం తగ్గిపోతుంది. అప్పుడు మిగతావన్నీ చూడకుండా ఈసీఎం జోలికి పోకూడదు.

ఇవే కొలతలు కొత్త మోటార్లు రెండింటికీ తీయండి. బయటి మాల్‌లో కప్లర్ సరిపోతుంది గానీ లోపలి కాయిల్ వేరే విలువతో ఉండే సరుకూ ఉంటుంది. నాలుగు రీడింగుల్లో ఒకటి మిగతా మూడింటికి దూరంగా ఉంటే ఆ ముక్క బిగించకండి, పెట్టె తెరవని కొత్తదైనా సరే.

మోటార్ తిరుగుతుందో లేదో కారు లేకుండానే చూసుకోవచ్చు. నాలుగు పెన్సిల్ సెల్స్ వరసగా కలిపితే 6 వోల్టులు. ప్లస్ తీగని 2, 5 రెండింటికీ కలపండి. మైనస్‌ని ఒకేసారి రెండు పిన్నులకి, ఈ వరసలో తగిలించండి: 3, 6, తర్వాత 1, 6, తర్వాత 1, 4, తర్వాత 3, 4, మళ్లీ 3, 6. తగిలించిన ప్రతిసారీ చేతిలో చిన్న అదురు తెలియాలి. వరస తిరగేస్తే ముక్క అటువైపు జరుగుతుంది. 12 వోల్టుల బ్యాటరీతో చేయొద్దు. ఒక్కో అడుగుకీ జరిగేది చాలా తక్కువ, కాబట్టి కంటికి తేడా కనబడాలంటే ఆ చుట్టు చాలాసార్లు తిప్పాలి.

దీని సంగతి ఇంత చెప్పడానికి కారణం ఉంది. కొత్త మోటార్ డబ్బాలోంచి వచ్చినప్పుడు ముక్క సాధారణంగా వెనక్కి లాగి ఉంటుంది, అంటే గాలి దారి బాగా తెరిచి ఉంటుంది. ఈసీఎం దాన్ని జరపలేకపోతే అది అక్కడే ఉండిపోతుంది, ఇంజన్ 2000 దాటి రేసవుతుంది. పాత మోటార్ దాదాపు మూసుకున్న చోట ఆగిపోయి ఉండొచ్చు, అందుకే అప్పుడు బండి ఆగిపోయేది. ‘ముందు ఆగిపోయేది, ఇప్పుడు రేసవుతోంది’ అన్నది రెండు జబ్బుల్లా కనబడుతుంది గానీ, మోటార్ని ఎవరూ జరపడం లేదన్న ఒక్క కారణంతో రెండూ కుదిరిపోతాయి. జరపకపోవడానికి మాత్రం మూడు కారణాలుంటాయి: నడిమి పిన్నులకి కరెంటు రాకపోవడం, మధ్యలో వైరు తెగడం, ఈసీఎంలో డ్రైవర్ పోవడం. మీ మెకానిక్ మొదటి రెండూ చూడకుండా మూడోదానికి వెళ్లిపోయాడు.

స్కానర్‌లో కోడ్ రాకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. ఈ మోటార్ ఎక్కడుందో ఈసీఎంకి చెప్పే సెన్సార్ ఏదీ లేదు. కళ్లు మూసుకుని మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగే మనిషిలా, తాను ఇన్ని అడుగులు వేయించాను కాబట్టి మోటార్ ఇక్కడుంది అనుకుంటుంది. లెక్క 0 నుంచి 120 దాకా. స్కానర్ లైవ్ డేటాలో కనబడే అంకె ఆ లెక్కే, మోటార్ అసలు స్థానం కాదు. అయినా ఆ అంకె చాలా పనికొస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కి, ఏసీ, లైట్లు, ఫ్యాను అన్నీ ఆగి ఉన్నప్పుడు, ఐడిల్ 750 దగ్గర నిలబడితే అది 2 నుంచి 25 మధ్య ఉండాలి. మీ బండిలో ఇంజన్ 2000 మీద పరిగెడుతుండగా లెక్క 0కి దగ్గరగా ఉంటే ‘నేను మూసేశాను’ అని ఈసీఎం అంటోంది, గాలి మాత్రం వస్తూనే ఉంది. ఇంజన్ ఆగిపోబోతుండగా లెక్క 100 దాటితే ‘తెరిచాను’ అంటోంది, మోటార్ కదలడం లేదు. ఈ రెండూ కాకుండా రేసవుతున్నా లెక్క మధ్యలో ఎక్కడో నిలిచిపోతే, థ్రాటిల్ మూసి ఉందన్న సంకేతం ఈసీఎంకి అందడం లేదని అనుమానించాలి. స్కానర్‌లో ఐడిల్ స్విచ్ ఆన్ అని చూపుతోందో లేదో చూడండి. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని ఉన్నా, ఎవరైనా థ్రాటిల్ ఆపుడు స్క్రూ తిప్పినా ఆ స్విచ్ కలవదు.

1200కీ 2000కీ మధ్య ఊగడం గురించి రాశారు. అది ఒక రకంగా మంచి కబురే. థ్రాటిల్ మూసి ఉండి కూడా వేగం ఎక్కువగా ఉంటే, బండి గేర్లో దిగుడు దిగుతోందనుకుని ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడుతుంది, మళ్లీ ఇస్తుంది, మళ్లీ పెరుగుతుంది. అంటే ఐడిల్ స్విచ్ పనిచేస్తోంది, ఈసీఎం బుర్ర పనిచేస్తోంది. గాలి మాత్రం ఎక్కువగా వస్తోంది. పోయి ఉంటే ఒకటో రెండో డ్రైవర్లు పోయి ఉండాలి తప్ప ఈసీఎం మొత్తం కాదు.

ఆ ఎక్కువ గాలి మోటార్ దారి నుంచే రావాలని లేదు. మోటార్ విప్పి బిగించినప్పుడు పాత ఓరింగ్ నలిగినా, కిందపడిపోయినా ఇదే లక్షణం. ఇంజన్ నడుస్తుండగా బ్రేకు బూస్టర్ గొట్టాన్నీ పీసీవీ గొట్టాన్నీ (ఇంజన్ లోపలి ఆవిర్లని మానిఫోల్డ్‌లోకి తెచ్చేది) ఒక్కోటి బట్ట చుట్టి పటకారుతో నొక్కి చూడండి. మోటార్ అతుకు చుట్టూ, మానిఫోల్డ్ అతుకుల చుట్టూ నీళ్లు పిచికారీ చేయండి. వేగం ఒక్క క్షణం మారిందంటే లీకు అక్కడే. వేడి ఇంజన్ మీద ఈ పనికి కార్బ్ క్లీనర్ వాడే అలవాటు చాలామందికి ఉంది. అంటుకుంటుంది, వద్దు.

ఇప్పుడు వైరింగ్. మోటార్ కప్లర్ విప్పి, తాళం ఆన్ చేసి, కారు వైపు కప్లర్‌లో 2, 5 పిన్నుల్లో బ్యాటరీ వోల్టేజి వస్తోందో లేదో చూడండి. రెండింట్లో ఒకదానికే వస్తే సగం మోటార్ పనిచేయదు. తీర ప్రాంతపు బండి కాబట్టి కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము కోసం ప్రత్యేకంగా వెతకండి. మీటర్‌కి కరెంటు అక్కర్లేదు కాబట్టి చిలుము పట్టిన పిన్ను కూడా 12 వోల్టులు చూపించేస్తుంది, అర ఆంపియర్ అడిగితే మాత్రం ఇవ్వలేదు. అందుకే మీటర్ అంకెతో పాటు ఒక 33 ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌ని ఆ పిన్నుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి, వోల్టేజి పడిపోతుందేమో చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ పడితే కప్లరో రిలేనో శుభ్రం చేయాలి. రెసిస్టర్ నిమిషంలో కాలేంత వేడెక్కుతుంది, వేళ్లతో పట్టుకోకండి.

ఈసీఎం విప్పేముందు తాళం ఆఫ్ చేసి ఒక నిమిషం ఆగండి. తాళం తీశాక కూడా కొన్ని సెకన్లపాటు రిలే పట్టుకునే ఉంటుంది. ఈసీఎం ఆ సమయంలో మోటార్‌ని తర్వాతి స్టార్టుకి తగిన చోట పెడుతుంది. తర్వాత బ్యాటరీ మైనస్ తీసి, అప్పుడు ఈసీఎం కప్లర్లు లాగండి. వైర్ల రంగులూ పిన్ను నంబర్లూ ఆ మోడల్ సర్క్యూట్ చూసి పోల్చుకోవాలి, గుర్తుమీద చేయొద్దు. నాలుగు లైన్లూ మోటార్ కప్లర్ నుంచి ఈసీఎం కప్లర్ దాకా తెగకుండా ఉన్నాయా, 1 ఓము లోపే చూపిస్తున్నాయా, ఏదైనా ఒంటికి తగులుతోందా, ఒకదానికొకటి తగులుతున్నాయా చూడాలి. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. లైను ఎక్కడైనా ఒరుసుకుని ఎర్త్ అయితే కాయిల్ ఆగకుండా కాగుతుంది గానీ డ్రైవర్‌కి ఏమీ కాదు. అదే లైను 12 వోల్టులకి తగిలితే డ్రైవర్ ఆన్ అయిన మరుక్షణం పోతుంది. మానిఫోల్డ్ కింద వైరింగ్ ఒరుసుకునే చోట్లు చూడకుండా కొత్త ఈసీఎం పెడితే అదీ అలాగే పోతుంది.

వైరింగ్ బాగుందంటే అసలు పరీక్ష. ఒక మామూలు ఎర్ర ఎల్ఈడీకి 1 కిలో ఓము రెసిస్టర్ కలపండి. అలాంటివి నాలుగు చేసుకుంటే ఇంకా మంచిది, ముడిసరుకు పది ఇరవై రూపాయలు కూడా కాదు. ఎల్ఈడీ పొడుగు కాలు వైపు రెసిస్టర్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కి, పొట్టి కాలు కప్లర్‌లోని 1, 3, 4, 6 లైన్లకి ఒక్కోదానికి. మోటార్ కప్లర్ విప్పే ఉంచాలి. మోటార్ తగిలించి ఉంటే కాయిల్ మీదుగా దొంగదారిన కరెంటు పారి ఎల్ఈడీ ఉత్తపుణ్యానికి వెలుగుతుంది, మీరు తప్పు తీర్పు ఇస్తారు. ఇక్కడ 12 వోల్టుల బల్బు టెస్టర్ మాత్రం వాడకండి. 21 వాట్ల బల్బు దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. చిన్న బల్బయినా చల్లగా ఉన్నప్పుడు ఒక్క క్షణం దాని మామూలు కరెంటుకి పది రెట్లు అడుగుతుంది. బతికున్న డ్రైవర్‌ని పరీక్ష పేరుతో చంపడానికి అది చాలు.

ముందు తాళం ఆఫ్‌లో, ఒక నిమిషం ఆగాక చూడండి. నాలుగూ ఆరిపోయి ఉండాలి. ఏదైనా నిండుగా వెలుగుతోందంటే ఆ డ్రైవర్ షార్ట్ అయి, లైను శాశ్వతంగా ఎర్త్ అయిపోయింది. ఇంక చర్చ లేదు. తర్వాత తాళం ఆన్ చేయండి, ఆఫ్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి తీయండి. ఈ సమయాల్లోనే ఈసీఎం మోటార్‌ని జరపబోతుంది. నాలుగు లైట్లూ చకచకా మిణుకుమనాలి. కదలిక ఆగాక ఏవో రెండు వెలిగే ఉండిపోతే కంగారు పడకండి. పైన 6 వోల్టుల పరీక్షలో వరస మళ్లీ చూడండి: ప్రతి అడుగులోనూ 1, 3లో ఒకటి, 4, 6లో ఒకటి మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆ జతల్లో ఒక్కోటి వెలిగి ఉంటే సహజం. ఒకే జతలోని రెండూ, అంటే 1, 3 కలిసి వెలిగి అలాగే ఉంటే తప్పు. ఏదైనా ఒకటి ఒక్కసారి కూడా మిణుకుమనకపోతే ఆ డ్రైవర్ తెగిపోయింది.

పాత మోటార్‌లో తక్కువ ఓములు వచ్చిన కాయిలూ, ఈసీఎంలో చనిపోయిన లైనూ ఒకటే అయితే కథ పూర్తిగా కుదిరినట్టు. అప్పుడు మీ మెకానిక్ మాటలో సగం నిజమే: ఈసీఎం దెబ్బతింది, కానీ దెబ్బ తీసింది పాత మోటారు.

అయినా సెకండ్స్ ఈసీఎం మొదటి దారి కాదు. బోర్డు బాగుచేయించడం మేలు. గాజువాక ఆటోనగర్ వైపు ఈసీఎం పని చేస్తామనేవాళ్లు దొరుకుతారు. ఎవరి దగ్గరికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్నలు ఇవి: ఏ లైను పోయిందో చెప్పగలరా, ఆ డ్రైవర్ చిప్ మారుస్తారా, మార్చాక కారులో పెట్టకముందు బల్ల మీద నాలుగు 33 ఓముల, 10 వాట్ల రెసిస్టర్లని మోటార్ స్థానంలో పెట్టి నడిపి చూపిస్తారా? ‘ప్రోగ్రామ్ ఎక్కించాలి’ అని మొదలుపెడితే వెనక్కి వచ్చేయండి. కాలిన ట్రాన్సిస్టర్ ప్రోగ్రామ్‌తో బాగుపడదు. బోర్డు విప్పినప్పుడు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల కింద జిగట, చేపల వాసన, నల్లబడిన రాగి దారి ఉంటే వాటినీ 105 డిగ్రీల రకంతో మార్పించండి. ఇరవై ఏళ్ల వయసున్న బోర్డులో అవి ఎలాగూ ముదిరే ఉంటాయి. పని అయ్యాక పైపూత మళ్లీ వేయమనడం మరిచిపోకండి, లాసన్స్‌బే గాలిలో పూత లేని బోర్డు ఎక్కువకాలం నిలవదు.

సెకండ్స్‌దే తీసుకోవాల్సి వస్తే లేబుల్ మీద నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. మాన్యువల్ గేర్‌ది మాన్యువల్‌కే. ఇమ్మొబిలైజర్ (వేరే తాళంచెవితో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న బండి అయితే తాళంచెవి, ఈసీఎం జతగా రావాలి, లేకపోతే స్టార్టే కాదు. మూత తీసి పిన్నుల దగ్గర బురద చారో తెల్లటి మరకో ఉందేమో చూసి డబ్బివ్వండి, వరదలో మునిగిన బండి నుంచి తీసిన సరుకు పైకి శుభ్రంగానే కనబడుతుంది. బాగైన ఈసీఎం గానీ మరొకటి గానీ, నాలుగు కాయిళ్లూ మంచివని కొలిచిన మోటార్ తప్ప వేరేది తగిలించొద్దు. ‘ఊరికే చూద్దాం’ అని పాత మోటార్ ఒక్క నిమిషం పెట్టినా మళ్లీ మొదటికొస్తుంది.

ఈ పని అయ్యేదాకా బండి కావాలంటే ఒక తాత్కాలిక ఉపాయం ఉంది. మంచి మోటార్‌ని పెన్సిల్ సెల్స్‌తో మూసే వైపు జరిపి బిగించి, కప్లర్ తగిలించకుండా స్టార్ట్ చేయండి. 850, 900 మధ్య వచ్చేదాకా విప్పి, జరిపి, మళ్లీ బిగించి చూడాలి. ఓపిక పరీక్షే. కప్లర్ నోటికి టేపు చుట్టండి. విశాఖలో చలి లేదు కాబట్టి ఉదయం స్టార్టింగ్‌కి పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ ఏసీ వేయకండి. నిలబడి స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ఇంజన్ ఆగిపోవచ్చు, ఆగితే బ్రేకూ స్టీరింగూ బరువెక్కుతాయి. సింహాచలం ఘాట్ లాంటి చోట్లకి ఈ స్థితిలో వెళ్లకపోవడమే మంచిది.

బిగించేటప్పుడు: థ్రాటిల్ బాడీని మోటార్ విప్పాకే శుభ్రం చేయాలి, పూర్తిగా ఆరాలి, కొత్త ఓరింగ్ వేయాలి. స్క్రూలు చిన్నవి, అల్యూమినియంలోకి వెళ్తాయి, సరిగ్గా కూర్చునే బిట్‌తో చేతి బిగువు చాలు. కప్లర్ తీయడం, పెట్టడం ఎప్పుడూ తాళం ఆఫ్‌లోనే. అన్నట్టు, తుప్పు పట్టిన ఫ్లోర్‌కి వెల్డింగ్ చేయించే ఆలోచన ఉంటే ఆ రోజు బ్యాటరీ మైనస్‌తో పాటు ఈసీఎం కప్లర్లు కూడా విప్పించండి.

ఇలాంటి లక్షణమే ఉన్న ఇతర బళ్లవాళ్లకి ఒక మాట. నాలుగు పిన్నుల స్టెప్పర్‌లో 12 వోల్టుల నడిమి పిన్ను ఉండదు, రెండు కాయిళ్లే, ఈసీఎం రెండు చివర్లనీ తిప్పి తిప్పి ఇస్తుంది. వాటిలో చాలావాటికి కాయిల్ 40 నుంచి 80 ఓముల మధ్య ఉంటుంది, పైన చెప్పిన ఎల్ఈడీ పద్ధతి వాటికి నేరుగా కుదరదు. మూడు వైర్ల రకం స్టెప్పరే కాదు. మీ బండి మాన్యువల్‌లో విలువ చూసుకోకుండా ఈ అంకెలు వాటికి అంటగట్టొద్దు.

అంతా అయ్యాక బ్యాటరీ తగిలించి, ఏమీ వేయకుండా ఇంజన్ వేడెక్కనిచ్చి, పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. ఈసీఎం తన లెక్క సరిచేసుకుంటుంది. తర్వాత స్కానర్‌లో అడుగుల అంకె చూస్తూ ఏసీ స్విచ్ వేయండి. అంకె అప్పటికున్నదానికంటే 10 నుంచి 70 అడుగులు పెరగాలి, దాంతోపాటు ఇంజన్ ఆగకుండా నిలబడాలి. అంకె పెరిగి ఇంజన్ మాత్రం కుంగిపోతే మోటార్ ఇంకా కదలడం లేదు, ఎల్ఈడీలతో మళ్లీ పరీక్షించాలి.